జాయింటు పాసా, ఫెయిలా: పైపులైను వెల్డు లోపాలను అంచనా కట్టడం ఎలా

ఉత్తర చెన్నైలో మణలి నుంచి ఎన్నూరు వైపు వెళ్తే నేల మీదా పైపులే, నేల కిందా పైపులే. మణలి అంటే మంచు కురిసే మనాలి కాదు, 1969 నుంచి ముడిచమురు మరిగిస్తున్న రిఫైనరీ ఊరు. ఎన్నూరు రేవులో 2019లో ఏడాదికి 50 లక్షల టన్నుల ఎల్‌ఎన్‌జీ (ద్రవ సహజవాయువు) టెర్మినల్ కూడా వచ్చాక గ్యాసు లైన్ల పని ఇంకా పెరిగింది. ఈ పైపుల్ని అతికే చేతుల్లో మన చేతులు తక్కువేం కాదు. గాజువాక, శ్రీకాకుళం నుంచి వెల్డర్లూ ఫిట్టర్లూ వస్తారు. నెల్లూరు, సూళ్ళూరుపేట, తడ వైపు నుంచి డిప్లొమా చదివిన క్వాలిటీ కుర్రాళ్ళు వస్తారు. ఫిల్ము చదివి తీర్పు చెప్పే లెవల్-2 సర్టిఫికెట్ చేతికొచ్చిన కొద్ది రోజులకే వాళ్ళను వెనక నుంచి వెలుగిచ్చే వ్యూయరు ముందు కూర్చోబెట్టి, రేడియోగ్రఫీ ఫిల్ముల (వెల్డు గుండా కిరణాలు పంపి తీసిన ఎక్స్‌రే లాంటి బొమ్మల) కట్ట ఒకటి ముందు పడేస్తారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను.

కోర్సులో చూపించే ప్రతి ఫిల్ములోనూ ఏదో ఒక లోపం ఉంటుంది, నేర్పాలి కాబట్టి. సైట్లో ఎక్కువ ఫిల్ములు శుభ్రంగానే ఉంటాయి. మచ్చలున్న వాటిలోనూ చాలావాటిని కోడు, అంటే ఏ లోపం ఎంతవరకు ఉండొచ్చో చెప్పే ప్రమాణాల పుస్తకం, ఒప్పుకుంటుంది. అందుకే లోపం కనిపెట్టడం సగం పని కూడా కాదు. దానికి సరైన పేరు పెట్టాలి, కొలవాలి, ఆ కొలతను సరైన పుస్తకంలో సరైన వరస దగ్గర పెట్టి చూడాలి. ఒకే 30 మిల్లీమీటర్ల నల్లగీత ఒక పేరుతో పాసవుతుంది, ఇంకో పేరుతో ఫెయిలవుతుంది. ఎలాగో కింద చూపిస్తాను.

ముందు ఏ పుస్తకమో తేల్చుకోండి

రిఫైనరీ ప్రహరీగోడకు లోపల ఉన్న ప్లాంటు పైపింగుకు మామూలుగా అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం (ఏఎస్ఎంఈ) కోడు బీ31.3 వర్తిస్తుంది. గోడ దాటి ఊళ్ళ మీదుగా పోయే లైనైతే ద్రవాలకు బీ31.4, గ్యాసుకు బీ31.8. ఆ బయటి లైన్ల వెల్డింగుకు అందరూ పట్టుకునేది అమెరికా పెట్రోలియం సంస్థ ప్రమాణం, ఏపీఐ 1104. దీన్ని చిన్న తేడా అనుకోకండి. పక్కగోడకు లోహం సరిగా అంటుకోకపోవడాన్ని, అంటే మనం లాక్ ఆఫ్ ఫ్యూజన్ అనేదాన్ని, బీ31.3 సాధారణ సర్వీసులో కూడా అసలు ఒప్పుకోదు. ఏపీఐ 1104 దాన్నే, పైకి తెరుచుకుని ఉందా లోపల దాగిందా అన్నదాన్ని బట్టి, 25 లేదా 50 మి.మీ. దాకా ఒప్పుకుంటుంది. అదే వెల్డరు, అదే రాడ్డు, అదే ఫిల్ము. గోడకు ఇటుంటే రిపేరు, అటుంటే పాసు.

కాంట్రాక్టులో ఏ ఎడిషన్ రాశారో కూడా చూడండి. ఏపీఐ 1104 ఇరవై ఒకటో ఎడిషన్ 2013లో, ఇరవై రెండోది 2021లో వచ్చాయి. పాత కాంట్రాక్టుల్లో పాతదే నడుస్తుంది. వీటన్నిటి మీదా క్లయింటు స్పెసిఫికేషన్ ఉంటుంది. మన దేశంలో ఆయిల్, గ్యాసు లైన్లకు ఓఐఎస్‌డీ (చమురు పరిశ్రమ భద్రతా సంస్థ) ప్రమాణాలూ పీఎన్‌జీఆర్‌బీ (పెట్రోలియం, గ్యాసు నియంత్రణ మండలి) నిబంధనలూ ఉన్నాయి. కోడు ఒప్పుకుని క్లయింటు స్పెక్ ఒప్పుకోకపోతే, ఒప్పుకోనట్టే. మొదటి రోజే ఆ పేజీలు జిరాక్సు తీసి వ్యూయరు పక్కన గోడకు అంటించుకోండి. నేను కింద చెప్పే లోపాల హద్దులన్నీ ఏపీఐ 1104లో ఉన్నవి, మీ స్పెక్ బిగుతుగా ఉంటే దాన్నే పాటించండి.

ఫిల్ము కంటే ముందు జాయింటు

ఏసీ గదిలోంచి కదలకుండా ఫిల్ములు చదివే ఇంటర్‌ప్రెటర్లు ఉన్నారు. నాకు వాళ్ళ మీద నమ్మకం తక్కువ. టార్చీ, వైరు బ్రష్షు, వెల్డింగు గేజీ, స్కేలు పట్టుకుని జాయింటు చుట్టూ ఒక్కసారి తిరిగితే ఫిల్ము మీద మీరు పడబోయే గందరగోళం సగం అక్కడే తీరిపోతుంది.

వెల్డును పొరలుగా వేస్తారు: అడుగు పొర రూట్ (రూట్ బీడ్), దాని మీద హాట్ పాస్, మధ్యవి ఫిల్లర్, పై పొర క్యాప్. క్యాప్ పైపు ఉపరితలం కంటే కిందికి దిగకూడదు, 1.6 మి.మీ. మించి పైకి లేవకూడదు. గాడి బయట రాడ్డు తగిలించి ఆర్క్ కొట్టిన మచ్చలుంటే రాసుకోండి. అక్కడ లోహం ఒక్కసారిగా వేడెక్కి చల్లారి గట్టిపడిపోతుంది. రెండు పైపుల అంచులు ఎక్కడైనా ఎగుడుదిగుడుగా ఉన్నాయా, అంటే హై-లో ఉందా, గేజీతో కొలిచి గడియారం లెక్కన రాసుకోండి: పైన 12, కింద 6. ఒకే మందం ఉన్న పైపులకు ఇది 3 మి.మీ. దాటకూడదు. ఈ ఒక్క కొలత తరవాత ఫిల్ము ముందు మీకు ఎంత పనికొస్తుందో చూస్తారు.

ఇక అండర్‌కట్. క్యాప్ అంచున పైపు లోహం కరిగి గాడిలా మిగిలిపోయేది. ఫిల్ము దీని పొడవు చెబుతుంది కానీ లోతు సరిగా చెప్పలేదు, గేజీ చెబుతుంది. లోతు 0.8 మి.మీ. లేదా పైపు మందంలో 12.5 శాతం, రెండింట్లో ఏది చిన్నదైతే దాన్ని దాటకూడదు. 12 అంగుళాల పైపు మందం 9.5 మి.మీ. అయితే 12.5 శాతం దాదాపు 1.2 వస్తుంది, కాబట్టి హద్దు 0.8. అదే 2 అంగుళాల పైపు 5.5 మి.మీ. మందంతో ఉంటే 12.5 శాతం 0.69 మాత్రమే, అప్పుడు హద్దు అదే. చిన్న పైపు దగ్గర కూడా 0.8 అని గుడ్డిగా రాసేవాళ్ళను చూశాను. 0.4 లేదా 6 శాతం లోపు ఉంటే ఎంత పొడవున్నా ఫర్వాలేదు. ఈ రెండు హద్దుల మధ్య ఉంటే 300 మి.మీ.లో మొత్తం 50 దాకా, లేదా వెల్డు చుట్టుకొలతలో ఆరో వంతు దాకా, ఏది చిన్నదైతే అది.

వెల్డరుతో రెండు మాటలు మాట్లాడండి. పోలీసులా వద్దు. ‘అన్నా, రూట్ ఎక్కడ ఆపి మళ్ళీ మొదలెట్టావు?’, ‘మధ్యాహ్నం గాలి లేచినప్పుడు టార్పాలిన్ కట్టారా?’ అని అడగండి చాలు. ఎన్నూరు తీరంలో మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి కొడుతుంది. ఆర్గాన్ వాయువు కప్పి చేసే టిగ్ వెల్డింగుతో రూట్ వేసేచోట ఆ ఆర్గాన్‌ను గాలి ఎగరగొడితే పోరోసిటీ, అంటే లోహంలో బుడగలు, వచ్చి కూర్చుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల చెమ్మలో ఓవెన్లోంచి తీసిన 7018 రకం వెల్డింగు రాడ్లను డబ్బాలో మూత లేకుండా వదిలేసినా అంతే. అదే 6010 రాడ్డును ఓవెన్లో పెట్టకూడదు. దాని పైపూతలో కొంత తేమ ఉంటేనే అది సరిగా మండుతుంది. ఈ తేడా తెలియక రెండు రకాలనూ ఒకే ఓవెన్లో కుక్కిన స్టోరు కీపరు వల్ల ఒక వారమంతా రిపేర్లు చేసుకున్న సైటు నాకు తెలుసు.

పైన పగులు ఉందేమోనని డై పెనట్రెంట్ (పగుల్లోకి దిగి దాన్ని బయటపెట్టే రంగు ద్రవం) వేస్తే పైపు వేడి చూసుకోండి. మామూలు పెనట్రెంట్‌కు ఉపరితలం 5 నుంచి 52 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మే నెల మధ్యాహ్నం ఎండలో ఉన్న నల్లపైపు మీద చెయ్యి పెట్టగలరా? పెట్టలేకపోతే పెనట్రెంట్ కూడా వెయ్యకండి. ద్రవం పగుల్లోకి దిగేలోపు ఆరిపోతుంది, మీరేమో ‘లోపం లేదు’ అని రాసేస్తారు. పొద్దున్నే చేయించండి, లేదా షెడ్డు నీడ వేయించండి.

ఫిల్ము చూడదగ్గదేనా

రేడియోగ్రఫీ రాత్రిపూట జరుగుతుంది. కిరణాలిచ్చే ఇరిడియం-192 సోర్సు సగం ఆయుష్షు 74 రోజులు, అంటే రెండున్నర నెలల కిందట ఒక నిమిషం ఎక్స్‌పోజరు ఇచ్చిన సోర్సుకు ఇప్పుడు రెండు నిమిషాలు ఇవ్వాలి. అది రేడియోగ్రాఫరు చూసుకునే సంగతి. మీరు చూసుకోవాల్సింది ఒకటే: తాడు కట్టి ఎర్రదీపం పెట్టినచోటుకు ఇవతలే ఉండండి, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ లేకుండా అటువైపు వెళ్ళకండి. ‘ఒక్క నిమిషమే కదా’ అన్నవాడితో వాదన పెట్టుకోకుండా టీ తాగడానికి వెళ్ళిపోండి.

పొద్దున ఫిల్ములు వచ్చాక ఒక్కోదాన్నీ ఇలా చూడండి.

మొదట నలుపు. ఫిల్ము నలుపును (డెన్సిటీని) కొలిచే డెన్సిటోమీటరు పెట్టి వెల్డు బొమ్మ మీద కొలవండి. 1.8 కంటే తక్కువ ఉండకూడదు, 4.0 దాటకూడదు. డెన్సిటీ 2 అంటే వెనక నుంచి వచ్చే వెలుగులో నూరో వంతే ఫిల్ము దాటుతుంది, 4 అంటే పదివేలో వంతు. నల్లటి ఫిల్ముకు బలమైన వ్యూయరు లేకపోతే కళ్ళు మోసపోతాయి. గది చీకటి చేసుకోండి, ఎండలోంచి లోపలికి రాగానే ఫిల్ము పట్టకండి, కళ్ళు సర్దుకోవడానికి కాస్త టైమివ్వండి.

రెండోది పెనట్రామీటరు, అంటే ఫిల్ము ఎంత సన్నటిదాన్ని చూపించగలదో తేల్చే తీగల వరస. వెల్డుకు అడ్డంగా పెట్టిన తీగల్లో మీ మందానికి కావలసిన సన్నటి తీగ కనిపించాలి. కనిపించకపోతే ఆ ఫిల్ములో లోపం లేదని చెప్పే హక్కు మీకు లేదు. రీషూట్ అడగండి.

మూడోది, ఫిల్ము పెట్టే క్యాసెట్టు వెనక అంటించిన సీసపు బి అక్షరం. ఫిల్ము మీద చుట్టుపక్కల కంటే తెల్లగా ఆ అక్షరం కనిపిస్తే వెనక నుంచి చెదిరిన కిరణాలు ఫిల్మును పాడుచేశాయని అర్థం. నల్లగా కనిపిస్తే ఫర్వాలేదు.

నాలుగోది, లోపం లాంటి దొంగ గుర్తులు. ఫిల్మును వ్యూయరు మీంచి తీసి ఏటవాలుగా ట్యూబులైటు కింద పట్టుకోండి. గోరు గీసిన గీత అయితే మెరుస్తుంది. నెలవంకలా ఉంటే లోడింగులో ఫిల్ము మడత పడింది. చెట్టుకొమ్మలా చీలితే స్టాటిక్ కరెంటు మెరుపు. ఎండాకాలం డార్క్‌రూముల్లో ఇంకో గోల. డెవలపరు 20 డిగ్రీల దగ్గర ఉండాలి, చెన్నైలో కుళాయి తిప్పితే వచ్చేవి వేణ్ణీళ్ళు. ఏసీ పాడైన రోజు వచ్చిన ఫిల్ములను అనుమానంగానే చూడండి.

ఐదోది, ఫిల్ములో చోటు తెలియడానికి జాయింటు చుట్టూ కట్టే నంబర్ల టేపు. దీని గురించి నా సొంత బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. 14 అంగుళాల జాయింటు. ఫిల్ము మీద 210 దగ్గర పొడుగు స్లాగు (వెల్డులో చిక్కుకున్న మడ్డి), మంచి నల్లగా, రిపేరు తప్పదు. వెళ్ళి పైన సున్నా నుంచి సవ్యదిశలో 210 మి.మీ. కొలిచి మార్కు పెట్టాను. శ్రీకాకుళం వెల్డరు ఒకాయన గ్రైండరు పెట్టి తీస్తూ తీస్తూ ఆగి, కళ్ళద్దం పైకి లేపి, ‘ఏటి బాబూ, ఇక్కడేటీ నేదు. శుభ్రంగా ఉన్న జాయింటుని కోయించేసినారు’ అన్నాడు. నేను ఇంకో మిల్లీమీటరు తీయమన్నాను. తీశాడు. ఏమీ లేదు. ముందురోజు రాత్రి హెల్పరు టేపును అపసవ్యంగా చుట్టాడు. నా 210 నిజానికి అటువైపు ఉంది. ఆ పైపు చుట్టుకొలత 1117, కాబట్టి అసలు లోపం నేను లెక్కపెట్టిన వైపు నుంచి చూస్తే 907 దగ్గర కూర్చుంది. అప్పటి నుంచి ఫిల్మును పారదర్శక కాగితం మీద ట్రేస్ చేసుకుని జాయింటు దగ్గరికి తీసుకెళ్తాను. క్యాప్ మీద అలలు, ఒక స్పాటర్ చుక్క (చిమ్మి అంటుకున్న లోహం), ఒక రాడ్డు ఆపిన గుంట, ఇవి ఫిల్ములోనూ కనిపిస్తాయి. రెండూ కలిస్తేనే మార్కు. సున్నా దగ్గర పెయింటుతో బాణం వేయించండి, లైను పారే దిశ చూస్తూ టేపు సవ్యంగా చుట్టాలని రేడియోగ్రఫీ కుర్రాళ్ళతో ముందే మాట తీసుకోండి.

పేరు పెట్టడం

ఇప్పుడు ఆ 30 మి.మీ. గీత. 12 అంగుళాల పైపు, రూట్ మధ్యలో, 6 గంటల దగ్గర అనుకుందాం. వెంటనే పేరు పెట్టెయ్యకండి. అంచులు చూడండి.

రెండు అంచులూ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, రూట్ సరిగ్గా నడిమధ్యన ఉంటే, అది పైపు చివర గ్రైండు చేసిన ముఖం కరగకుండా అలాగే మిగిలిపోయిన చోటు. పెనట్రేషన్ లేదు. ఒక్కటీ 25 మి.మీ. దాటకూడదు. మీది 30. రిపేరు.

గీత నడిమధ్యన కాక ఒక పక్కకు ఒరిగి, దానికి ఒకవైపు ఫిల్ము ముదురుగా రెండోవైపు లేతగా ఉంటే, రెండు పైపులు ఎగుడుదిగుడుగా కూర్చుని ఒక అంచే కరగలేదు. హై-లో వల్ల వచ్చిన పెనట్రేషన్ లోపం. దీనికి 50 దాకా ఒప్పుదల, 300 మి.మీ.లో మొత్తం 75 దాకా. పాసు. ఇందాక గేజీతో కొలిచి రాసుకున్నారే, ఆ కాగితం ఇప్పుడు తీయండి. 6 గంటల దగ్గర 2 మి.మీ. హై-లో అని ఉంటే మీ పేరుకు సాక్ష్యం దొరికింది. అక్కడ హై-లో లేదని ఉంటే ఆ పేరు పెట్టడానికి లేదు.

గీత వెడల్పుగా, అంచులు మెల్లగా పైపు నలుపులోకి కలిసిపోతూ ఉంటే అది లోపలి గుంట, సైట్లో సక్‌బ్యాక్ అంటారు. తలపైన వేసే వెల్డులో కరిగిన లోహం బరువుకు కిందికి జారి, లోపల గుంట పడుతుంది. అందుకే ఇది 6 గంటల దగ్గర ఎక్కువ. దీనికి పొడవు హద్దే లేదు, ఒక షరతు మీద: గుంట దగ్గర ఫిల్ము నలుపు పక్కనున్న పైపు లోహం నలుపును మించకూడదు. కంటితో తేల్చకండి, డెన్సిటోమీటరు పెట్టండి. మించితే దాన్ని బర్న్‌త్రూ, అంటే రూట్ కరిగి కారిపోయిన చోటు, లెక్కలో చూడాలి. అక్కడ ఒక్కటి 6 మి.మీ. దాటినా, లేదా పైపు మందం దాటినా ఫెయిలు.

ఒక అంచు తిన్నగా, ఇంకో అంచు ఎగుడుదిగుడుగా ఉంటే ఫ్యూజన్ లోపం. రూట్ దగ్గర గానీ పైన తెరుచుకుని గానీ ఉన్నదానికి 25 హద్దు, మళ్ళీ రిపేరు. పొరల మధ్యలో దాగిన కోల్డ్‌ల్యాప్ రకానికి 50.

పూసలు గుచ్చినట్టు, లేదా గొట్టంలా సాగిన పోరోసిటీ రూట్ బీడ్ వెంట ఉంటే హాలో బీడ్. ఇది 13 మి.మీ. దాటితే చాలు, ఫెయిలు. 30 ఎక్కడ, 13 ఎక్కడ!

గీత ఒకటి కాదు రెండు, రైలు పట్టాల్లా సమాంతరంగా, రూట్ బీడ్ అంత ఎడంతో ఉంటే వ్యాగన్ ట్రాక్. రూట్ వేశాక అది మధ్యలో ఉబ్బి అంచుల్లో లోతుగా ఉంటే స్లాగు ఆ రెండు మూలల్లో దాక్కుంటుంది. గ్రైండరు సరిగా పట్టకపోయినా, హాట్ పాస్ దాన్ని కరిగించి పైకి తేలేంత కరెంటుతో వెయ్యకపోయినా అక్కడే ఉండిపోతుంది. హద్దు 50 మి.మీ. పొడవు, 1.6 వెడల్పు. ఇక్కడ ఒక మెలిక: రెండు పట్టాలనూ కలిపి ఒకే లోపంగా లెక్కించాలి. వాటిలో ఏదైనా 0.8 మి.మీ. కంటే వెడల్పుంటే మాత్రం విడివిడిగా రెండు లోపాలు. అలాంటప్పుడు 30, 30 కలిపి 60 అవుతుంది, 300లో 50 దాటకూడదు కాబట్టి ఫెయిలు. ఫిల్ము మీద పెట్టి చూసే కొలత భూతద్దం కొనుక్కోండి. మామూలు ప్లాస్టిక్ స్కేలు ఈ తేడా చూపించలేదు.

గీత వంకరటింకరగా, చివర్లు వెంట్రుకలా సన్నబడుతూ పోతే, అది పగులు. పగులుకు పొడవు లెక్క లేదు. రాడ్డు ఆపినచోట క్రేటర్‌లో నక్షత్రంలా పడే లోతు లేని పగులు 4 మి.మీ. లోపుంటే తప్ప, మిగతా ఏ పగులూ పాసు కాదు. పగులేమో అన్న అనుమానం తీరకపోతే పగులనే రాసి పైవాళ్ళను పిలవండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

గుండ్రటి మచ్చలు తేలిక. విడి బుడగ (పోర్) 3 మి.మీ. లేదా పైపు మందంలో పావు వంతు దాటకూడదు, 9.5 పైపులో అది దాదాపు 2.4. గుంపుగా ఉంటే గుంపు 13 మి.మీ. వెడల్పు దాటకూడదు. టిగ్ రూట్‌లో మిగతావాటిలా నల్లగా కాక తెల్లగా మెరిసే చుక్క కనిపిస్తే టంగ్‌స్టన్ ముక్క విరిగి పడింది.

కొలవడం: 300 మి.మీ. కిటికీ

కోడులో ‘ఏ 300 మి.మీ. వరస పొడవులోనైనా’ అని ఉంటుంది. ఈ ‘ఏ’ దగ్గరే చాలామంది జారిపడతారు. 12 అంగుళాల పైపు చుట్టుకొలత 1017 మి.మీ. సోర్సు పైపు గోడను ఆనుకుని ఉంటే మూడు షాట్లు, ఒక్కోటి దాదాపు 340. మొదటి ఫిల్ములో 310 నుంచి 328 దాకా పెనట్రేషన్ లోపం, 18 మి.మీ. పాసు. రెండో ఫిల్ములో 420 నుంచి 432 దాకా అదే రకం, 12 మి.మీ. అదీ పాసు. ఫిల్ము ఫిల్మునూ విడిగా చూసి రెండింటికీ ‘ఓకే’ రాసి సంతకం పెట్టేస్తారు. కానీ జాయింటుకు ఫిల్ముల హద్దులు తెలియవు. 310 నుంచి 432 దాకా 122 మి.మీ. దూరమే. ఒకే 300 కిటికీలో మొత్తం 30 మి.మీ. ఉంది, హద్దు 25. రిపేరు.

అందుకే ఒక జాయింటు ఫిల్ములన్నీ ఒకేసారి ముందు పెట్టుకోండి. కాగితం మీద చుట్టుకొలతను ఒక గీతగా గీసి, లోపాలన్నిటినీ వాటి చోట్లలో గుర్తించండి. 300 మి.మీ. స్కేలుకు కత్తిరించిన అట్టముక్కను ఆ గీత మీద జరుపుతూ పోండి, ఏ చోట ఎక్కువ లోపాలు పడతాయో అదే మీ లెక్క. చివరి ఫిల్ము మొదటి ఫిల్ముకు కలిసే చోటు కూడా మరిచిపోకండి. గీతకు రెండు కొసలున్నా పైపుకు లేవు.

చిన్న పైపులకు 300 కిటికీ పట్టదు. 2 అంగుళాల పైపు చుట్టుకొలత 189 మి.మీ., అక్కడ ఎనిమిది శాతం, అంటే 15 మి.మీ. చూడాలి. 3 అంగుళాలకు 22. ఇక ఏ ఒక్కటీ హద్దు దాటకపోయినా రకరకాల లోపాలు కలిపి 300లో 50 మి.మీ. లేదా వెల్డు పొడవులో ఎనిమిది శాతం దాటితే అది కూడా ఫెయిలే. ఈ కూడికలో హై-లో పెనట్రేషన్, అండర్‌కట్ కలపరు.

ఫిల్ముకు దొరకనివి

కిరణం పోయే దారికి పగులు అడ్డంగా పడుకుని ఉంటే ఫిల్ములో కనిపించదు. పక్కగోడ ఫ్యూజన్ లోపం కూడా బెవెల్ (పైపు అంచును చెక్కిన వాలు) కోణంలో ఏటవాలుగా, కాగితమంత సన్నగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు తప్పించుకుంటుంది. అనుమానం ఉన్న జాయింటుకు అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాల) పరీక్ష అడగండి. 9.5 మి.మీ. పైపుకు 70 డిగ్రీల ప్రోబు వాడితే పూర్తి స్కిప్, అంటే తరంగం లోపలి గోడకు తగిలి మళ్ళీ పైకి వచ్చే దూరం, 52 మి.మీ. దాకా పోతుంది. వెల్డుకు రెండు పక్కలా ఆ మేరకు స్పాటరూ పెయింటూ లేకుండా శుభ్రం చేయించాకే అల్ట్రాసోనిక్ చేసే ఆయన్ని పిలవండి, లేకపోతే ఆయన వచ్చి ఊరికే కూర్చుంటాడు.

పగులు వెల్డు చల్లారగానే పడాలనీ లేదు. గట్టి స్టీలు, తేమ నుంచి వచ్చిన హైడ్రోజన్, లోహంలో బిగుసుకున్న ఒత్తిడి, మూడూ కలిస్తే ఒక రోజు, రెండు రోజుల తరవాత కూడా పడుతుంది. ఎక్స్65, ఎక్స్70 లాంటి గట్టి స్టీలు పైపులకు, మందపాటి టై-ఇన్ (రెండు లైను ముక్కల్ని కలిపే) జాయింట్లకు స్పెక్‌లో 24 లేదా 48 గంటలు ఆగమని ఉంటే, ప్రాజెక్టు మేనేజరు ఎంత తొందరపెట్టినా ఆగండి.

2010 సెప్టెంబరు 9న అమెరికాలో కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో 30 అంగుళాల గ్యాసు లైను పేలి ఎనిమిది మంది చనిపోయారు. 1956లో వేసిన ఆ లైనులో ఒక ముక్కకు నిలువు అతుకు సరిగా వెల్డ్ కాలేదు. రికార్డుల్లోనేమో ఆ ముక్క అతుకే లేని సీమ్‌లెస్ పైపు అని ఉంది. కాగితంలో లేని అతుకు కాబట్టి యాభై నాలుగేళ్ళూ దాన్ని అతుకుగా ఎవరూ పరీక్షించలేదు. చుట్టువెల్డు లోపాల వేటలో పడి పైపు హీట్ నంబరూ (ఏ పోత స్టీలో చెప్పేది), నిలువు సీము ఎక్కడుందో రాసే గడీ ఖాళీగా వదిలే అలవాటు మన సైట్లలోనూ ఉంది. ఆ గడీలు నింపండి.

రిపేరు, మళ్ళీ ఫిల్ము

రిపోర్టులో ‘లోపం ఉంది’ అని రాయకండి. జాయింటు నంబరు, ఫిల్ము నంబరు, లోపం పేరు, ఎక్కడ నుంచి ఎక్కడికి, పొడవు, రూట్‌లోనా ఫిల్లర్‌లోనా క్యాప్‌లోనా, ఏ కోడు, నిర్ణయం ఏమిటి, ఇవన్నీ ఉండాలి. రూట్‌లోదైతే గ్రైండరు చివరిదాకా దిగాలి, ఫిల్లర్‌లోదైతే అంత అక్కర్లేదు. ఆ ఒక్క పదం రాయకపోతే వెల్డరుకు ఒక పూట పని ఎక్కువవుతుంది. వెల్డరు నంబరు పక్కన లోపాల పేర్లు నెలంతా రాస్తూ పోండి. ఒకాయన దగ్గర స్లాగే వస్తుంటే గ్రైండింగు చూడాలి, ఒక టీము దగ్గర హై-లోనే వస్తుంటే వెల్డరును కాదు, ఫిట్టరునూ క్లాంపునూ చూడాలి. పేరు సరిగా పెట్టకపోతే తిట్లు తప్పుడు మనిషికి పడతాయి.

పగులుంటే రిపేరు మాట మీరు అనకండి. వెల్డు పొడవులో ఎనిమిది శాతం లోపు ఉండి, క్లయింటు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే రిపేరు, లేదంటే జాయింటు మొత్తం కోసి తీసెయ్యడమే. ఒకసారి రిపేరు చేసిన చోటే మళ్ళీ రిపేరు కావాలన్నా ఆ అనుమతి కావాలి. అదే చోట మళ్ళీ మళ్ళీ వేడి పడితే లోహం గుణం మారిపోతుంది.

గ్రైండరు దిగేటప్పుడు దగ్గరుండండి. లోపం కంటికి కనిపిస్తే ఫోటో తీయించండి, మీరు పెట్టిన పేరు నిజమో కాదో చెప్పేది అదే. గాడిలో పెనట్రెంట్ వేసి లోపం పూర్తిగా పోయిందని చూశాకే మళ్ళీ వెల్డింగు. వెల్డయ్యాక ఆర్1 (మొదటి రిపేరు) ఫిల్ము వచ్చినప్పుడు పాత ఫిల్మునూ కొత్తదాన్నీ పక్కపక్కన వ్యూయరు మీద పెట్టండి. ముందు స్పాటర్ చుక్కలూ, రిపేరుకు అవతలి క్యాప్ అలలూ కలుస్తున్నాయా చూడండి. కలవకపోతే అది వేరే జాయింటు ఫిల్ము. కలిస్తే పాత లోపం ఉన్నచోటు చూడండి, అది దాదాపు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. తరవాత గాడి రెండు కొసలు చూడండి. కొత్త లోహం పాత లోహాన్ని కలిసేచోట, గ్రైండరు నిట్టనిలువుగా ఆపేసిన మూలలో, కొత్త స్లాగు దాక్కునేది అక్కడే.